మీ ఊరి నుంచి ఎవరో చూస్తున్నారు

హాస్టల్, ఇస్త్రీ గది పక్కన

వదినా,

ముందు కవరు సంగతి చెప్పు. ఈసారి గంజి పలచగా కాచి అంటించాను. చింపకుండా, తడి తగలకుండా, ఒక మూల పట్టి లాగితే ఊడిరావాలి. ఊడితే ఊడిందని రాయి, లేకపోతే లేదని రాయి. అంతేగానీ పోయినసారిలా "పరవాలేదు" అని మాత్రం రాయకు. నీ నోట ఆ మాట వింటే నాకు పరీక్ష తప్పినట్టే ఉంటుంది. ఫోన్లు ఉండగా ఈ ఉత్తరాలేమిటని నా గదిలో పిల్ల నవ్వుతోంది. పాత పుస్తకాలు బాగుచేసే చదువు మాది, మా గంజి మేమే పరీక్ష చేసుకోవాలి అన్నాను. దానికి అర్థం కాలేదు. మా అమ్మకే ఇంతవరకు అర్థం కాలేదు, "అట్టలు వేసే చదువు" అని అందరికీ చెబుతుంది.

అసలు విషయానికి వస్తాను. మా మేడం ఈ ఏడు చదువు ముగిసేవాళ్ళందరినీ కూచోబెట్టి, "థీసిస్ ఇచ్చేస్తే అయిపోయిందనుకుంటున్నారేమో! మీరెవరో బయట ఎవడికీ తెలీదు. తలా ఒక సైటు పెట్టండి. మీ పని అందులో కనపడాలి. సైటు పెట్టకుండా నా దగ్గరికి సెలవడగడానికి ఎవరూ రాకండి" అన్నారు.

సరే, పెట్టాను. చెప్పినంత తేలిక కాదు వదినా. "నా గురించి" అని ఒక పేజీ ఉంటుంది, అది రాసేటప్పటికి నా తలప్రాణం తోకకొచ్చింది. గొప్పలు రాస్తే సిగ్గు, రాయకపోతే అక్కడ ఏమీ మిగలదు. చివరికి నువ్వయితే నా గురించి ఏం చెబుతావో ఊహించుకుని, అందులోంచి తిట్లు తీసేసి రాశాను. తర్వాత థీసిస్ సారాంశం పెట్టాను. నేను బాగుచేసిన పుస్తకాల ఫోటోలు, పని మొదలుపెట్టక ముందుదీ అయిపోయాక తీసిందీ, పక్కపక్కన పెట్టాను. ఇంకో పేజీ కూడా ఉంది. దాని పేరు "చెడగొట్టింది". ఆ పొలాల పటం సంగతి గుర్తుందిగా, మడతలు పోవాలని తేమ పట్టిస్తే ఎర్ర సిరా కారిపోయింది. దాని గురించి ఉన్నదున్నట్టు రాసి ఫోటోలతో సహా పెట్టేశాను. మేడం కళ్ళజోడు పైకి తోసుకుని, "ఉద్యోగం కావాలా, శిక్ష కావాలా నీకు?" అన్నారు. తీసేయమని మాత్రం అనలేదు.

అడ్రసు ఈ కాగితం వెనక రాశాను. చూసి మొహమాటం లేకుండా చెప్పు. అతుకు వేయడం నాకు నేర్పింది నువ్వే, నీ తర్వాతే నాకు ఎవరైనా. నీ సైటు ఎప్పుడు పెడుతున్నావు? మీ ఊళ్ళో అంత పెద్ద లైబ్రరీ పెట్టుకుని ఊరుకుంటావా?

నీ మరదలు

&nbsp;

లైబ్రరీ వెనక వీధి, మేడమీద గది

మరదలు పిల్లా,

కవరు ఊడింది. నేను తెరవకముందే, పోస్టుమాన్ చేతిలోనే ఊడింది. నీ ఉత్తరం ఆయనా చదివే ఉంటాడు. గంజి మరీ నీళ్ళు చేశావు.

నీ సైటు చూశాను. హడావిడిలో ఒక్కసారి, నిలబడే చూశాను. బాగుంది. పరవాలేదు అనలేదు చూడు.

అడిగావు కాబట్టి ఒకటి రెండు మాటలు. మొదటి పేజీలో నీ ఫోటో మరీ పెద్దది, పుస్తకాల మనిషివా సబ్బు ప్రకటనవా అని అనుమానం వస్తుంది. నీలం అట్ట పుస్తకానికి మొదటి ఫోటో ఎండలో తీశావు, రెండోది దీపం కింద తీశావు. తేడా నీ పనివల్ల వచ్చిందో వెలుతురువల్ల వచ్చిందో ఎవరికి తెలుస్తుంది? థీసిస్ సారాంశంలో మూడో పేరా చివర "తద్వారా" అని రెండుసార్లు వచ్చింది. తోలు అట్ట పుస్తకం వెన్ను ఫోటో మీద నొక్కితే పెద్దదవాలి, అవడంలేదు. కింద కుడి మూల నీ ఈమెయిలు పక్కన చుక్క ఎక్కువ పడింది. ఫోన్లో చూస్తే ఆ చుక్క కనపడదు, కంప్యూటర్లో కనపడుతుంది.

"చెడగొట్టింది" పేజీ తీసెయ్. మంచికి చెబుతున్నాను. ఉద్యోగం ఇచ్చేవాడు నీ చేతిలో ఏం పాడైందో చూడటానికి రాడు. నిజాయితీ మంచిదే, కానీ ఇంటికి వచ్చినవాళ్ళని ముందుగా స్నానాలగదికి తీసుకెళ్ళి చూపిస్తామా?

నా సైటంటావా. దేంతో పెట్టను? నా జబ్బు నీకు తెలుసు. చిరిగిన కాగితం బల్లమీద కనపడితే చేతులు ఆగవు, మొదలుపెట్టేస్తాను. ముందు ఫోటో తియ్యాలన్నది అంతా అయ్యాక గుర్తొస్తుంది. ఇన్నేళ్ళలో నేను బాగుచేసినవాటికి ముందు ఫోటో ఒక్కటీ లేదు. అన్నీ తర్వాతవే. చూసినవాడు "పుస్తకం బాగానే ఉందిగా, మీరేం చేశారు?" అంటాడు. మొన్న ఒకాయన అన్నాడు కూడా. ఆయన తాతగారి పుస్తకం, పురుగు తిని జల్లెడ అయిపోయిందాన్ని ఒక్కో కన్నమే పూడ్చి ఇచ్చాను. తిప్పి తిప్పి చూసి, "మా ఇంట్లోవాళ్ళు ఊరికే కంగారుపడ్డారండీ, ఇంతమాత్రం దానికి మీ దగ్గరికి తేవడం ఎందుకు" అన్నాడు. నా అతుకు కనపడదు. అదే నా గొప్ప అనుకున్నాను ఇన్నాళ్ళూ.

వదిన

&nbsp;

హాస్టల్, అదే గది

వదినా,

ఒక్కసారి నిలబడి చూసి ఇన్ని పట్టుకున్నావా! కూచుని చూస్తే నా సైటు గతేమిటో. ఫోటో చిన్నది చేశాను. "తద్వారా" ఒకటి కొట్టేశాను. చుక్క తీసేశాను. నీలం పుస్తకం మళ్ళీ మా లైబ్రరీ నుంచి అడిగి తెచ్చుకుని దీపం కింద ఫోటో తీద్దామనుకున్నాను గానీ, పాడైపోయిన పుస్తకం ఇప్పుడెక్కడుంది, నేనే బాగుచేసేశానుగా!

"చెడగొట్టింది" మాత్రం తియ్యను. కారణం వింటే నువ్వు కుర్చీలోంచి లేస్తావు.

సైటుతో పాటు నాకు ఒక లెక్కల పేజీ ఇచ్చారు. అది నాకొక్కదానికే కనపడుతుంది. ఏ ఊరి నుంచి చూశారో, ఏ పేజీ దగ్గర ఎంతసేపు ఆగారో గీతలు గీసి చూపిస్తుంది. మనుషుల పేర్లు చెప్పదు, ఊరి పేరే చెబుతుంది. మిగతా ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు మొదటి పేజీ చూసి వెళ్ళిపోతున్నారు. ఒక్క మీ ఊరి నుంచి మాత్రం ఎవరో రోజూ చూస్తున్నారు. రోజూ వదినా! వచ్చినప్పుడల్లా ఆ పటం పేజీకే వెళ్ళి చాలాసేపు కూచుంటున్నారు.

ఎవరో నాకు తెలిసిపోయింది. మీ ఊరి లైబ్రరీలో మరమ్మతు విభాగం పెద్దాయన. వేసవిలో మాకు క్లాసు చెప్పడానికి వచ్చారని రాశానుగా, చేతిరుమాలుతో బల్ల తుడుచుకుని గానీ కూచోరు, ఆయన. ఆయనకి నేను అడ్రసు పంపాను. జవాబు లేదు. జవాబెందుకు, చూస్తున్నారుగా! అలాంటివాళ్ళు మాట్లాడరు, గమనిస్తారు.

ఈ సంగతి చెబితే మేడం కూడా "ఊఁ" అన్నారు. మా అమ్మ సంగతి అడక్కు. సైటు తెరవడం రాదు, తమ్ముడితో మొదటి పేజీ ప్రింటు తీయించి ఫ్రిజ్ మీద అంటించింది. పాల కోసం తలుపు తీసినప్పుడల్లా నా మొహం ఊగుతోందట.

నీ మరదలు

&nbsp;

మేడమీద గది

మరదలా,

ఫ్రిజ్ సంగతి నాకు నీకంటే ముందే తెలుసు. అత్తయ్య మా అమ్మకి ఫోన్ చేసి చెప్పింది. మా అమ్మ వెంటనే నాకు చేసి, "నీకు లేదుటే అలాంటిది? దానికి నేర్పింది నువ్వే అంటారు మరి" అంది. కూర మాడుతోందని చెప్పి పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

లెక్కల పేజీని నమ్ముకోకు. ఇది చిన్న ఊరేం కాదు. ఎవడో పనీపాటా లేనివాడు తెరిచి వదిలేసి టీకి వెళుతుంటాడు, నీ గీత పెరిగిపోతుంటుంది. ఆ పెద్దాయన నాకూ తెలుసు. ఫోన్లో మెసేజ్ చదవడానికే పక్కవాణ్ణి పిలుస్తాడు. ఆయన రోజూ నీ సైటు తెరుస్తాడా?

ఒక మాట రాస్తాను, నవ్వుకో. నాకు కుళ్ళుగా ఉంది. నేనూ సైటు పెడదామని కూచున్నాను పోయిన ఆదివారం. ఉన్న ఫోటోలన్నీ పేర్చాను. నున్నగా, నిండుగా, ఏ లోపమూ లేని పుస్తకాలు వరసగా నిలబడ్డాయి. పాత పుస్తకాల కొట్టు ప్రకటనలా ఉంది. అందులో నేనెక్కడా లేను. నీ సైట్లో నీ చేతి వణుకుతో సహా నువ్వు కనపడతావు. చెడగొట్టింది కూడా నీకు అచ్చొచ్చింది చూడు, నాకు బాగుచేసింది కూడా పనికిరాలేదు. మొత్తం కొట్టేసి మంచంమీద పడుకుని పైకప్పు చూస్తూ ఉండిపోయాను.

నువ్వు నాకంటే బాగా చేస్తే ఇంత మంట ఉండేది కాదనుకుంటాను. నా అంత బాగా చెయ్యవు. అది నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంకెవరికీ తెలీదు, అదీ నా ఏడుపు.

ఇది తమాషాకి రాశాను. పటం పేజీ మాత్రం తీసెయ్. నిన్న దానికి కొత్తగా కలిపిన పేరా మరీ పొడుగైంది.

వదిన

&nbsp;

హాస్టల్, భోజనాల హాల్లో కూచుని

వదినా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు నవ్వాను. కుళ్ళుట! నువ్వు, నా మీద! నీ అతుకుల ముందు నావి గోడకు కొట్టిన పిడకల్లా ఉంటాయని అందరికీ చెబుతుంటాను. నీ సైటు నేను వచ్చి పెడతాను, ఉండు. వచ్చే రోజులు దగ్గర్లోనే ఉన్నాయి.

రెండు కబుర్లు. మొదటిది, నాకు ఉద్యోగం వచ్చింది! ఇక్కడికి దూరంగా ఒక మ్యూజియం, పటాల గది వాళ్ళదే ప్రత్యేకంగా ఉంది. చేతినిండా పని. నెలాఖరులోగా వస్తానో రానో రాసివ్వాలి. రాయకపోతే ఇంకొకరిని తీసుకుంటారు.

రెండోది అసలైనది. మీ ఊరి లైబ్రరీలో మరమ్మతు విభాగానికి మనిషిని తీసుకుంటున్నారు. ఒక్కటే ఉద్యోగం. చూశావా? ఇన్నాళ్ళు ఆ పెద్దాయన రోజూ ఎందుకు చూస్తున్నారో ఇప్పుడైనా ఒప్పుకుంటావా?

వదినా, ఆ చూసే మనిషితో నాకు ఒక రకమైన స్నేహం అయిపోయింది, నవ్వకు. పటం పేజీలో సిరా ఎందుకు కారిందో వివరంగా ఒక పేరా కలిపితే, ఆ రోజే వచ్చి చదివారు. కింద ఇంకో ఫోటో పెడితే దాని దగ్గర ఆగారు. ఎవరూ అంత శ్రద్ధగా నన్ను చదవలేదు. థీసిస్ చదవాల్సిన పరీక్షకులు కూడా చదవలేదు. అలాంటి మనిషి కింద పనిచేయడం అంటే మాటలా?

అందుకని మ్యూజియానికి రానని రాసేస్తున్నాను. మేడం మండిపడ్డారు. "ఖాయమైన ఉద్యోగం కాదని కంప్యూటర్లో గీతని నమ్ముకుంటావా? ఆయన నీతో ఒక్క ముక్క అన్నాడా?" అన్నారు. అనలేదండీ, కానీ రోజూ వస్తున్నారు అన్నాను. "నీ ఇష్టం, తర్వాత నా గుమ్మంలో కూచుని ఏడవకు" అని ఫైలు మూసేశారు.

నీ గదిలో ఇంకో మంచానికి చోటుందా? లేకపోతే ఆ అట్టపెట్టెలు బయట పడెయ్. ఇద్దరం ఒకే ఊళ్ళో ఉంటాం!

నీ మరదలు

&nbsp;

మేడమీద గది

మరదలా,

మ్యూజియం ఒప్పుకో. వెంటనే రాసెయ్. కారణం అడక్కు, వదిన మాట అనుకుని విను.

లైబ్రరీ ఉద్యోగానికి నేను కూడా దరఖాస్తు పెట్టాను. ఇంతకుముందే రాయాల్సింది. చేయి రాలేదు.

వదిన

&nbsp;

హాస్టల్

వదినకు,

ఇప్పుడు అర్థమైంది. పటం పేజీ తీసెయ్, ఆయన ఫోన్ కూడా చూడలేడు, గీతని నమ్మకు, మ్యూజియానికి వెళ్ళు. మొదటినుంచీ నన్ను అటు తోస్తూనే ఉన్నావు, నేనే తెలివితక్కువదాన్ని. కుళ్ళుగా ఉందని నువ్వే రాస్తే పకపకా నవ్వాను కూడా.

ఉద్యోగానికి పెట్టావు, తప్పేముంది? పెడుతున్నానని నువ్వు ముందే చెప్పి ఉంటే ఇద్దరం కలిసి వెళ్ళేవాళ్ళం. నీకొస్తే నేను ముందు ఎగిరి గంతేసేదాన్ని. నీకు ఆ మాత్రం నమ్మకం లేకపోయింది. ఫోన్ చేశావు, చూశాను. ఎత్తాలనిపించలేదు.

మ్యూజియానికి రానని ఉత్తరం రాసి పెట్టుకున్నాను. సోమవారం పంపిస్తాను. నువ్వు చెప్పావని ఆగేది లేదు.

కవరు మామూలు జిగురుతోనే అంటించాను.

&nbsp;

మేడమీద గది, కొరియర్ కుర్రాడు కింద ఎదురుచూస్తున్నాడు

మరదలా,

ఆ ఉత్తరం పంపకు. ముందు ఇది చివరిదాకా చదువు, తర్వాత నీ ఇష్టం.

మా ఊరి నుంచి చూస్తున్నది నేను.

పెద్దాయన కాదు. లైబ్రరీలో ఎవరూ కాదు. నేనే. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ చూస్తాను, పనిచేసేచోట గంజి చల్లారేదాకా చూస్తాను, ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా చూస్తాను. ఒక్కసారి నిలబడి చూశానని రాసింది పచ్చి అబద్ధం. నీకు ఎక్కడ తెలిసిపోతుందోనని ఆ మాట రాశాను. నువ్వు లెక్కల పేజీ గురించి రాసిన రోజు దొరికిపోయాననుకున్నాను. అప్పుడే చెప్పేస్తే నవ్వులాటలో పోయేది. చెప్పలేదు. నువ్వు సంబరంగా ఆ పెద్దాయన పేరు ఎత్తావు కదా, హమ్మయ్య అనుకుని ఊరుకున్నాను. మర్నాడు చూడకూడదనుకున్నాను, ఒట్టు కూడా పెట్టుకున్నాను. మధ్యాహ్నానికి మళ్ళీ తెరిచాను.

ఎందుకంటే ఏం చెప్పను? నీ పేజీ చూస్తే ఒళ్ళు మండుతుంది, చూడకపోతే ఇంకా మండుతుంది. నా చేతి పని నీకంటే మిన్న అని నాలో నేను అనుకుంటూ, ఆ మాట ఎవరూ నాతో అనడంలేదని నీమీద పళ్ళు నూరాను. నా చేతిలో నేర్చుకున్నదానివి, నా ముందే దాటిపోతున్నావని ఏడ్చాను. ఇంతకంటే మర్యాదగా రాయడం నాకు చేతకాదు.

ఇది చదివి నువ్వు ఏమనుకుంటావో నాకు తెలుసు. "భలే కథ అల్లింది, నన్ను లైబ్రరీకి రాకుండా చేయడానికి" అనుకుంటావు. నీ స్థానంలో ఉంటే నేనూ అదే అనుకుంటాను. నువ్వు మ్యూజియానికి పోతే నాకే లాభం, అది నిజమే. ఆ లాభం నాకు కావాలి కూడా, అబద్ధం ఎందుకు. అందుకే ఇన్నాళ్ళు నోరు పెగల్లేదు. చెబితే స్వార్థం, చెప్పకపోతే నీ గొంతు కోసినట్టు. రెండిట్లో స్వార్థం అనిపించుకోవడమే నయమని రాస్తున్నాను. కావాలంటే లైబ్రరీకి దరఖాస్తు పెట్టుకో, నాతో పోటీకి రా, నేను కాదనను. కానీ ఆ పెద్దాయన నిన్ను కోరుకుంటున్నాడని నమ్మి మాత్రం రాకు. నువ్వు ఆయనకి గుర్తుండి ఉంటావని కూడా నాకు నమ్మకం లేదు.

నా మాట నమ్మాల్సిన పనిలేదు. నీ గీతనే అడుగు. ఈ కవరు కింద కుర్రాడి చేతిలో పెట్టిన క్షణం నుంచి నీ సైటు తెరవను. నిజంగా పెద్దాయనే అయితే రేపు కూడా వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. ఎవరూ రాకపోతే అది నేనే. నెలాఖరుకి ఇంకా వ్యవధి ఉంది. అంతవరకు ఆ ఉత్తరం బల్ల సొరుగులో ఉంచు. నన్ను తర్వాత తీరిగ్గా తిట్టు.

ఫోన్లో చెబుదామనే చేశాను. నువ్వు ఎత్తి ఉంటే జలుబు తగ్గిందా అని అడిగి పెట్టేసేదాన్నేమో.

వదిన

&nbsp;

హాస్టల్, సామాన్లు కడుతూ

వదినా,

నమ్మలేదు. నువ్వు చెప్పినట్టే, భలే కథ అల్లిందనుకున్నాను. మేడంకి చూపిద్దామని తీసుకెళ్ళి, సగం దారిలో సిగ్గేసి వెనక్కి వచ్చాను.

అయినా లెక్కల పేజీ తెరిచి కూచున్నాను. మొదటి రోజు మీ ఊరి గీత లేదు. ఆయనకి ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. మర్నాడూ లేదు. సెలవేమో అనుకున్నాను. పటం పేజీలో ఒక పేరా మార్చి చూశాను, ఏదైనా మారిస్తే ఆ రోజే వచ్చే అలవాటు కదా ఆయనకి. ఎవరూ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందు పెట్టుకుని మళ్ళీ తెరిచాను. మీ ఊరి పేరు జాబితాలోంచే జారిపోయింది. అప్పుడు ఏడ్చాను. పిల్లలందరూ పళ్ళాలతో చుట్టూ చేరి ఎవరైనా పోయారా అని అడిగారు. ఏమని చెప్పను, మా వదిన నన్ను చూడటం మానేసింది అని చెప్పనా?

సోమవారం మ్యూజియానికి వస్తున్నానని రాసిచ్చాను. అక్కడి పెద్దావిడ ఫోన్ చేసి మాట్లాడారు. ఉండబట్టలేక, "నా సైటు చూశారా అండీ?" అని అడిగాను. "లేదమ్మా, తీరిక దొరకలేదు. మీ మేడం మాట మీద తీసుకున్నాం" అన్నారు. మేడం చూశారు గానీ మొదటి పేజీ వరకే. అమ్మ ప్రింటు తప్ప చూడలేదు. నేను తోటకూర కాడలా వాడిపోయి రాసుకున్నది, దిద్దుకున్నది, మొదటినుంచి చివరిదాకా చదివిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. అదీ కడుపుమంటతో చదివింది.

కోపం పోలేదు. నువ్వు ఆ ఉద్యోగం సంగతి దాచినందుకు కోపం. నాతో పాటు కలిసి నవ్వాల్సిన చోట నన్ను వెర్రిదాన్ని చేసినందుకు ఇంకా కోపం. ఇంకొంచెం ఆలస్యం చేసి ఉంటే నా ఉద్యోగం పోయేది, అది తలచుకుంటే నీతో ఈ జన్మకి మాట్లాడకూడదనిపిస్తుంది. మళ్ళీ, నోరు మూసుకుని ఊరుకుని ఉంటే నీ పరువు దక్కేది కదా, ఊరుకోలేదు. అది తలచుకుంటే ఏమనాలో తెలీదు. అందుకని సామాన్లు కడుతున్నాను.

ఒక్కటి మాత్రం అడుగుతాను, నిజం చెప్పు. అన్నిసార్లు ఆ పటం పేజీలో ఏం చూశావు? నీ కన్ను నాకు తెలుసు. ఏదో పట్టుకునే ఉంటావు. అదేదో చెబితే కొత్త చోటికి వెళ్ళేలోపు దిద్దుకుంటాను.

నీ మరదలు

&nbsp;

మేడమీద గది

మరదలా,

నువ్వు మ్యూజియానికి వెళుతున్నావని విని సంతోషించానని రాయను, రాసినా నువ్వు నమ్మవు. కొంచెం సంతోషం, చాలా మంట. పటాల గది ప్రత్యేకంగా ఉందన్నావు చూడు, అక్కడ ఇంకాస్త మండింది.

లైబ్రరీవాళ్ళు పిలిచారు, వెళ్ళాను. ముగ్గురు కూచున్నారు. చేతిరుమాలుతో బల్ల తుడుచుకుని ఆ పెద్దాయన, "మీ పని ఎక్కడ చూడొచ్చమ్మా?" అన్నారు. నేను బాగుచేసిన పుస్తకం తీసుకెళ్ళి ఇచ్చాను. వెనక్కీ ముందుకీ తిప్పి, "పుస్తకం బాగుంది. మీ పనేది?" అన్నారు. వెలుతురుకి ఎదురుగా పట్టుకోమని, అతుకు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాను. "ఊఁ, ఇది మీరు చెబితే తెలుస్తోంది" అన్నారు. తర్వాత ఉద్యోగం ఇంకో అమ్మాయికి ఇచ్చారు. దానికి సైటుంది. నువ్వు పోటీలో లేకపోయినా నాకు రాలేదు, కాబట్టి నా స్వార్థం కూడా సరిగ్గా పనిచేయలేదని నీకు తృప్తి ఉండొచ్చు.

ఒక రోజంతా దుప్పటి కప్పుకుని పడుకున్నాను. లేచాక చిరిగిన అకౌంటు పుస్తకం ఒకటి బల్లమీద ఉంటే దగ్గరికి వెళ్ళి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఫోన్ తీసి ముందు ఫోటో తీశాను. మసగ్గా వచ్చింది, మళ్ళీ తీశాను. అప్పుడు ముట్టుకున్నాను.

ఆ అమ్మాయి సైటు కూడా తెరిచి చూశాను, చూడకుండా ఉంటానా? మొదటి పేజీలోనే మూడు తప్పులు దొరికాయి. ఒక ఫోటోలో అతుకు పక్కకి పోయింది, గంజి మరక కూడా తుడవలేదు. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మూసేసి, కడుపునిండా తిని పడుకున్నాను. మళ్ళీ తెరవాలని అనిపించలేదు.

పటం పేజీ గురించి అడిగావు. "ఈ పటం నా చేతిలోకి వచ్చేవరకు బాగానే ఉంది" అని మొదలుపెట్టావు. నల్ల సిరా పరీక్ష చేశావు, నీలం చేశావు, ఎరుపు మాత్రం మడత లోపల ఉండిపోయింది, చూడలేదు అని రాశావు. గట్టు గీత కరిగిపోయి ఒకాయన పొలం పెరిగిందని రాశావు. ఎవరిమీదా నెట్టలేదు, ఏడవలేదు, క్షమించమని కాళ్ళమీద పడలేదు. ఎలా జరిగిందో రాసి, ఎలా ఆపావో రాసి, ఇక ముందు ఏం చేస్తావో రాసి ఊరుకున్నావు. అంతా కంఠతా వచ్చేసింది నాకు.

తప్పు కోసమే తెరిచాను, రోజూ. ఒక్కటి దొరికినా ఇక చూసేదాన్ని కాదు.

వదిన